యాభై ఎనిమిది మార్కులు

(ప్రొద్దుటూరులో ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ల పెద్దోళ్లు, ఇంటర్-డిగ్రీ చదివే మన యువత ముందు మాట్లాడిన మాటలు)

 

పొద్దున్నే జమ్మలమడుగులో మొదటి బస్సు పట్టుకుని వచ్చినోళ్లకు, పులివెందుల వైపు తండాల నుంచి ఆటో మాట్లాడుకుని పిల్లోళ్లను తోలుకొచ్చిన అమ్మలకు, ఈ రోజు కూలి పోయినా పర్వాలేదని కూర్చున్న నాయనలకు ముందుగా దండాలు. ఒక రోజు కూలి అంటే ఏందో నాకు తెలుసు. అందుకే ఊరికే మాటలు చెప్పి పంపను. ఈ రోజు ఒకే ఒక పరీక్ష గురించి చెప్తా. పేరు ఎన్‌ఎంఎంఎస్. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. పేరు పొడుగు గానీ విషయం చిన్నది. ఇంట్లో డబ్బు లేక, తలకాయలో తెలివి ఉన్న పిల్లోళ్లు ఎనిమిదో తరగతి అయినాక బడి మానకుండా చూడాలని కేంద్ర ప్రభుత్వం 2008లో పెట్టిన స్కీము.

ఎనిమిది దగ్గరే ఎందుకు? విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా చదువు హక్కు అన్నది. తొమ్మిదో తరగతి గడప మీద ఆ చట్టం చెయ్యి వదిలేస్తాది. మన కాలనీల్లో, తండాల్లో చూడండి. బడి మానేసినోళ్లు ఎప్పుడు మానేసినారని అడిగితే ఎక్కువ మంది చెప్పేది అదే ఈడు. పద్నాలుగేళ్ల మగపిల్లోడు కడప బండల పాలిష్ మిషన్ కాడికి పోతే రోజు కూలి తెస్తాడు. ఆడపిల్లకు సంబంధాలు చూడడం మొదలుపెడతారు. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఆ లెక్క మా ఇంట్లో కూడా వేసినారు.

నా సంగతి చెప్తా. మేము ఎరుకలోళ్లం. మా అమ్మ ఈత బద్దలతో గంపలు, తట్టలు అల్లేది. ప్లాస్టిక్ టబ్బులు వచ్చినాక గంపలు కొనేవాళ్లు తగ్గిపోయి ఇటుక బట్టీల పనికి పోయినాము. నేను ఎనిమిది చదివేటప్పుడు ఇంటిల్లిపాదీ బట్టీ కాడ ఉన్నాము. దసరా అయిపోయినాక బడికి పోతే నా పక్కన కూర్చునే పిల్లోడు చెప్పినాడు, "ఏదో స్కాలర్‌షిప్ పరీక్షంట, పేర్లు రాసుకున్నారు, నువ్వు లేవు" అని. సారును అడిగితే తేదీ అయిపోయిందబ్బీ అన్నాడు. అంతే. ఆ సారు చెడ్డోడేం కాదు. లేని పిల్లోడి ఇల్లు వెతుక్కుంటా పోయి చెప్పే పని ఆయనది అని ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆ పని మనది. ఇంటర్, డిగ్రీ పిల్లోళ్లను ఈ రోజు ఇక్కడికి పిలిచింది అందుకే.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. పాసై సెలెక్ట్ అయితే నెలకు 1,000 రూపాయలు, ఏడాదికి 12,000. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, మొత్తం నాలుగేళ్లకు 48,000. మొదట్లో ఇది నెలకు 500 ఉండేది, 2017లో వెయ్యి చేసినారు. అప్పటి నుంచి పెంచలేదు. నూనె ప్యాకెట్టు ధర అప్పుడెంత, ఇప్పుడెంత అని నన్ను అడగొద్దు, ఆ మాట అడగాల్సిన చోట అడుగుదాం. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి ఇస్తారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087. రాష్ట్రంలో అమలయ్యే రిజర్వేషనే దీనికీ వర్తిస్తాది. ఎస్టీలకు 6 శాతం అంటే రాష్ట్రం మొత్తానికి సుమారు 245 సీట్లు. అవి జిల్లాల వారీగా పోతాయి. మన జిల్లాలో ఎస్టీలం నూటికి ఇద్దరమో ముగ్గురమో. మనది ఏజెన్సీ కాదు, ఐదో షెడ్యూలు లేదు. సుగాలీలు, యానాదులు, ఎరుకలోళ్లు, అక్కడో గుంపు ఇక్కడో గుంపుగా ఉంటాం. పాడేరు, రంపచోడవరం అన్నప్పుడు గుర్తొచ్చినట్టు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు అంటే ఎవరికీ ఆదివాసీ గుర్తుకు రాడు. ప్రొద్దుటూరు అంటే బంగారం అంగళ్లు, జమ్మలమడుగు అంటే గండికోట, పులివెందుల అంటే రాజకీయం. మనం లేనట్టే ఉంటాం. కాబట్టి మన సీటు మనం అడిగి తీసుకోవాల్సిందే.

ఎవరు రాయొచ్చు? ఎనిమిదో తరగతి చదువుతా ఉండాలి. ప్రభుత్వ బడి, జిల్లా పరిషత్ బడి, మున్సిపల్ బడి, ఎయిడెడ్ బడి, హాస్టల్ వసతి లేని మోడల్ స్కూలు, వీటిలో ఏదైనా సరే. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, మన ఎస్టీలకు 50 శాతం చాలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపల ఉండాలి. ప్రైవేటు బడి పిల్లోళ్లు రాయకూడదు. ఈ ముక్క చాలామందికి తెలియదు, కాస్త గట్టిగా చెప్తా. ఈ పరీక్షలో ఏసీ క్లాసుల్లో చదివే కార్పొరేట్ పిల్లోడు మీ పక్కన కూర్చోడు. మీతో పోటీ పడేది మీలాగే మధ్యాహ్న భోజనం తినే పిల్లోడే. మన పిల్లోళ్లకు భయం పోవడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి మాట లేదు.

ఇంకో నిబంధన ఉంది, అది నాకు మింగుడు పడదు. కేంద్రీయ విద్యాలయం, నవోదయ, సైనిక్ స్కూలు పిల్లోళ్లు రాయకూడదు, బాగానే ఉంది. తిండి, పడక, చదువు మూడూ ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ బడుల పిల్లోళ్లు కూడా రాయకూడదు. అంటే మన గురుకులాలు, కస్తూరిబా బాలికల బడులు. సర్కారు ఆలోచన ఏందంటే వాళ్లకు ఎట్లాగూ అన్నీ ఇస్తున్నాం కదా అని. నిజమే. కానీ దాని ఫలితం చూడండి. మన జాతుల్లో చదువు మీద గట్టిగా మనసు పెట్టిన ఇండ్లు పిల్లోళ్లను గురుకులానికే పంపిస్తాయి. ఆ పిల్లోళ్లు ఈ పరీక్షకు లేరు. మిగిలినోళ్లు ఎవరు? గురుకులం సీటు రానోళ్లు, అమ్మానాయనల ఎంబడి పనికి తిరిగేటోళ్లు, చెల్లెలిని చూసుకోవడానికి ఇంటికాడే ఉండిపోయిన ఆడపిల్లలు, గండికోట రిజర్వాయర్ కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగినాక బడి మారినోళ్లు. వీళ్లకు ట్యూషన్ లేదు, ఇంట్లో చదివించేవాళ్లు లేరు. మన కోటాకు పోటీ పడాల్సింది వీళ్లే. అందుకే ఎవరైనా వచ్చి "మీ ఎస్టీ పిల్లోళ్లు రాయరప్పా, రాసినా పాస్ కారు" అంటే నాకు ఒళ్లు మండుతాది. ఎవర్ని తీసేసి ఎవర్ని కూర్చోబెట్టినారో చూడకుండా మాట్లాడితే ఎట్లా?

హాస్టల్లో ఉంటా జిల్లా పరిషత్ బడికి పోయే పిల్లోళ్లు మాత్రం "మేము హాస్టల్ కదా" అని తమంతట తాము తప్పుకోవద్దు. నిబంధనలో రాసింది బడి ఎట్లాంటిది అని. హెడ్‌మాస్టరు దగ్గరికి పోయి నా పేరు పెట్టండి సార్ అని అడగండి.

పరీక్ష సంగతికి వస్తా. రెండు పేపర్లు. ఒకటి మ్యాట్, బుద్ధి పరీక్ష, 90 ప్రశ్నలు. రెండోది శాట్, పాఠాల పరీక్ష, 90 ప్రశ్నలు. ఒక్కో పేపరుకు 90 నిమిషాలు. అంటే ప్రశ్నకు నిమిషం. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకుని ఓఎంఆర్ షీటు మీద గుండ్రం దిద్దాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఇది మనసులో పెట్టుకోండి, ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. రెండు పేపర్లు కలిపి 180 మార్కులు. మామూలుగా 40 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం. 180లో 32 శాతం ఎంత? ఎవరు చెప్తారు? 57.6. అంటే 58 మార్కులు.

ఈ యాభై ఎనిమిదిని పుస్తకం అట్ట మీద రాసుకోండి. కానీ మోసపోవద్దు. 58 వస్తే అర్హత మాత్రమే వచ్చినట్టు. సీటు వచ్చేది జిల్లాలో మన కేటగిరీలో పైన ఉన్నోళ్లకు. 58 అనేది గడప. లోపలికి పోవాలంటే తొంభై, వంద గురి పెట్టుకోండి.

మ్యాట్ అంటే పిల్లోళ్లు బెదురుతారు, ఎందుకంటే బడిలో అది చెప్పరు. దానికో పాఠ్యపుస్తకం లేదు. నిజానికి మనకు దగ్గరయ్యేది అదే. మా అమ్మకు అక్షరం రాదు. గంప అల్లేటప్పుడు ఒక బద్ద పైన, రెండు కింద, మళ్లీ ఒకటి పైన, వరస మారేటప్పుడు ఒక గడి జరుగుతాది. ఎక్కడ తప్పు పోయిందో చేత్తో తడిమి చెప్పేది. సంఖ్యల వరస అంటే అదే. చూడండి, 2, 6, 12, 20, 30, తర్వాత ఏంది? మధ్యలో తేడా చూడండి. 4, 6, 8, 10. అయితే ఈసారి 12 కలపాలి. 42. అయిపాయె. తండా ఆడపిల్లలు ఉన్నారు కదా, మీ జేజమ్మ పేటియా మీద అద్దాలు, గళ్లు కుట్టేటప్పుడు ఎడమ పక్క ఎట్లుంటే కుడి పక్క దానికి తిరగేసి ఉండాల. అద్దంలో బొమ్మ ప్రశ్నలు అవే. అద్దంలో గడియారం చూస్తే 3 గంటల 40 నిమిషాలు కనిపించింది, అసలు టైము ఎంత? 11 గంటల 60 నిమిషాల నుంచి 3:40 తీసేయండి. 8:20. ప్రతిసారీ ఇదే పద్ధతి.

రోజుల లెక్క ఒకటి వస్తాది. ఈ రోజు ఆదివారం, వంద రోజుల తర్వాత ఏ వారం? వందను ఏడుతో భాగిస్తే పద్నాలుగు వారాలు పోయి రెండు మిగులుతాది. ఆదివారం తర్వాత రెండో రోజు, మంగళవారం. ఇంగ్లీషు అక్షరాల కోడింగ్ వస్తాది. 26 అక్షరాలకు నంబర్లు గుర్తు పెట్టుకోవడం కష్టం, ఐదు గుర్తు పెట్టుకోండి చాలు. ఈ 5, జే 10, ఓ 15, టీ 20, వై 25. మిగతావి వాటికి అటూ ఇటూ. ఘనం ప్రశ్న ఒకటి తప్పకుండా చేయించమని మన డిగ్రీ తమ్ముళ్లకు చెప్తున్నా. ఒక బెల్లం దిమ్మె పలక పలకగా ఉందనుకోండి, అన్ని పక్కలా రంగు పూసి, మూడు మూడు మూడుగా కోస్తే 27 ముక్కలు. మూలల్లో ఉండే 8 ముక్కలకు మూడు పక్కలా రంగు, అంచుల్లో 12 ముక్కలకు రెండు పక్కలా, మధ్యలో 6 ముక్కలకు ఒక పక్క, లోపల ఒక్క ముక్కకు రంగే లేదు. 8, 12, 6, 1 కలిపితే 27. ఇది నోటితో చెప్తే తలకెక్కదు. బంకమట్టితో చేసి, సున్నం పూసి, కత్తితో కోసి చూపించండి. జన్మలో మర్చిపోరు.

శాట్‌లో సైన్సు 35 మార్కులు, సోషల్ 35, లెక్కలు 20. ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలే. మన పిల్లోళ్లు లెక్కలంటే భయపడి మొత్తం పేపరునే వదిలేస్తారు. లెక్కలు 90లో 20 మాత్రమే. సైన్సు, సోషల్ కలిపి 70. అయినా లెక్కలు కూడా మన బతుకులోనే ఉన్నాయి. పులివెందుల చీనీ తోటల్లో కాయ కోసే పనికి పోయినోళ్లు చెప్పండి, మండీలో సూటు అని తీస్తారు కదా. టన్నుకు వంద కిలోలు సూటు తీస్తే శాతం ఎంత? పది. టన్ను 20,000 అన్నాడు, రైతు చేతికి వచ్చేది? 18,000. శాతాల పాఠం చెప్పేటప్పుడు ఇది చెప్పండి. పుస్తకంలో ఉన్న ఫ్యాను, ఫ్రిజ్ లెక్క తర్వాత చేద్దురు గానీ.

సోషల్‌లో మనోళ్ల ఊసు కూడా వస్తాది. బిర్సా ముండా పుట్టింది 1875 నవంబర్ 15. అల్లూరి రంప తిరుగుబాటు 1922 నుంచి 1924 దాకా. 1871 క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, అది రద్దయింది 1952లో. ఆ చట్టం కింద మా ఎరుకలోళ్లను పుట్టుకతోనే దొంగలని రాసినారు. స్టూవర్టుపురం, కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంట్ల పేర్లు మా అబ్బ చెప్పేవాడు. పరీక్షలో అది ఒక్క మార్కు ప్రశ్న. మీకు మాత్రం అది ఇంటి చరిత్ర, బట్టీ కొట్టే పని లేదు.

భాష గురించి ఒక మాట. తండా పిల్లోళ్లు ఇంట్లో గోర్ బోలి మాట్లాడతారు, మా ఇండ్లలో కుర్రు, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఇప్పుడు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటాది కదా, రెండూ చదవండి. అప్లికేషన్‌లో పరీక్ష ఏ మీడియం అని అడిగే చోట మాత్రం బడిలో ఏముందో చూసి కాదు, పిల్లోడికి ఏది తొందరగా అర్థమైతాదో అది పెట్టించండి. నిమిషానికి ఒక ప్రశ్న. మనసులో తర్జుమా చేసుకునే టైము ఉండదు.

చదువు కంటే మనోళ్లు ఎక్కువ ఓడిపోయేది కాగితాల కాడ. ఇది పెద్దోళ్లు వినండి. పరీక్ష డిసెంబర్లో జరుగుతాది. ఈ మధ్య ఏళ్లలో అప్లికేషన్లు ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో తీసుకుంటున్నారు. పిల్లోడు తనంతట తాను పెట్టుకునేది కాదు, బడి వాళ్లే ఆన్‌లైన్లో పెట్టాల. ఎస్టీలకు ఫీజు 50 రూపాయలు. కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ ఇప్పుడే పెట్టుకోండి. ఎస్టీ సర్టిఫికెట్‌కు టైము పడతాది. ఆఖరి వారంలో పరిగెత్తితే దొరకదు. పిల్లోడి పేరు, నాయన పేరు, పుట్టిన తేదీ ఆధార్లో ఎట్లా ఉందో బడి రికార్డులో అక్షరం తేడా లేకుండా అట్లే ఉండాల. బ్యాంకు ఖాతా పిల్లోడి పేరు మీద, ఆధార్ లింకుతో ఉండాల.

ఎందుకింత చెప్తున్నానంటే, పులివెందుల వైపు తండాలో ఒక అమ్మి ఉంది. పేరు చెప్పను. మాతోపాటు ఆదివారాలు చదివింది, సెలెక్ట్ అయింది. తండాలో అందరూ మురిసిపోయినారు. మొదటి ఏడాది డబ్బు పడింది. రెండో ఏడాది పడలేదు. వాళ్లు ఎదురు చూసినారు, సర్కారు డబ్బు కదా, ఆలస్యంగా వస్తాదిలే అని. ఏడాది తిరిగినాక తెలిసింది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ప్రతి ఏడాదీ రెన్యువల్ చేసుకోవాల. ఆ తర్వాత బడిలో ఒకసారి, జిల్లాలో ఒకసారి వెరిఫై కావాల. ఎవరూ చేయలేదు. వాళ్ల నాయన నన్ను అడిగినాడు, "సారూ, పాప పాస్ అయింది కదా, మళ్లీ ఎందుకు అడుగుతారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ తప్పులో నాది కూడా సగం ఉంది. సెలెక్షన్ లిస్టు వచ్చిన రోజు ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టి, తర్వాత ఆ అమ్మిని మర్చిపోయినా. ఆ అమ్మి చదువు మానలేదు, అది వాళ్ల అమ్మ మొండితనం. కానీ ఆ 12,000 పోయింది.

ఇంకో మెలిక. తొమ్మిది నుంచి పదికి మొదటిసారే పాస్ కావాల. పదో తరగతిలో 60 శాతం, ఎస్టీలకు 55 శాతం రాకపోతే ఇంటర్లో స్కాలర్‌షిప్ ఆగిపోతాది. పదిలో మార్కులు వస్తే ఇంకో దారి కూడా మన పక్కనే ఉంది, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ. సీట్లు ఇచ్చేది పదో తరగతి మార్కుల మీదే. ప్రభుత్వ బడి పిల్లోళ్లకు 4 శాతం కలుపుతారు. కాబట్టి డిసెంబర్ పరీక్ష అయిపోయింది కదా అని పుస్తకం అటక మీద పెట్టొద్దు.

ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మీరు సోషల్ మీడియాలో మన హక్కుల గురించి బాగా రాస్తారు, నేను చదువుతా, సంతోషం. నేను అడిగేది చిన్నది. ఒక్కొక్కరు ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లోళ్లను పట్టుకోండి. మీ కాలనీలో, మీ తండాలో. వాళ్లు పనికి ఊరు విడిచి పోయినా ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాల. అప్లికేషన్ తేదీ వచ్చిన రోజు ఆ ఇంటికి మీరు పోవాల. ఆదివారం రెండు గంటలు కూర్చోండి. పాత ప్రశ్నపత్రం గడియారం పెట్టి రాయించండి, ఓఎంఆర్ దిద్దించండి. మన పిల్లోళ్లలో చాలామంది ఆ గుండ్రాల కాగితాన్ని మొదటిసారి చూసేది పరీక్ష రోజే. నలభైయో ప్రశ్న జవాబు నలభై ఒకటిలో దిద్దినారంటే అక్కడి నుంచి అన్నీ తప్పే. సెలెక్ట్ అయితే నాలుగేళ్లు రెన్యువల్ మీరు చూడాల. పిల్లోడికి ఒక అన్ననో అక్కనో ఉంటే, వాళ్లు ఏం చేస్తారో అదే చేయండి.

అమ్మలకు ఒక్కటే. సెప్టెంబర్, అక్టోబర్లో పనికి పోవాల్సి వస్తే పోండి, బతకాల కదా. ఎనిమిదో తరగతి పిల్లను మాత్రం జేజి దగ్గర వదిలి పోండి. జేజి లేకపోతే మాకు చెప్పండి, ఎవరో ఒకరి ఇంట్లో ఉంటాది.

వచ్చే ఆదివారం ఇక్కడే, పొద్దున తొమ్మిదికి. ఆధార్ కార్డు, ఏడో తరగతి మార్కుల కాగితం, రేషన్ కార్డు తెచ్చుకోండి. పేర్లు అక్షరం అక్షరం చూసి తేడాలుంటే రాసుకుందాం. జమ్మలమడుగు వాళ్లకు బస్సు ఛార్జీ ఇబ్బంది ఉంటే నాతో పక్కకు వచ్చి చెప్పండి, సిగ్గు పడొద్దు.

ప్రశ్నలుంటే అడగండి. వెనకాల ఎవరో చెయ్యి ఎత్తింది చాలాసేపటి నుంచి... ఆ, నువ్వేనమ్మా, లెయ్. ఏ ఊరు మీది?